నంబరు లేనోళ్ల రొట్టె

అరబ్బు దేశంలో, రుమైథియా అనే పేటలో నేను వంటమనిషిగా ఉన్నప్పుడు మా వీధి చివర జమియా ఉండేది. జమియా అంటే ఆ పేటోళ్లంతా తలా ఇంత వేసి పెట్టుకున్న పెద్ద అంగడి. గవర్నమెంటుదీ కాదు, ఏ ఒక్క సేటుదీ కాదు. వాటా ఉన్న ప్రతి ఒక్కరికీ ఒక నంబరు. కౌంటర్ కాడ ఆ నంబరు చెప్తే ఏడాది ఆఖర్న లాభంలో వంతు వస్తాది. అంగడి నడిపేటోళ్లను ఓట్లేసి ఎన్నుకుంటారు. దేశానికుండే పెద్ద సభను ఎప్పుడో మూసేసినారంట, అంగడికి మాత్రం ఎలక్షన్లు నడుస్తానే ఉండె. మా యజమాని బాబా ఎలక్షన్లో నిలబడినప్పుడు, ఆయన కోసం వచ్చే మగోళ్లకు చాయ్ పోసి పోసి నా చేతులు పడిపోయినాయి. ఉప్పూ పప్పూ అమ్మేదానికి ఇంత రచ్చ ఎందుకురా దేవుడా అని లోపల్లోపల నవ్వుకుంటి. బాబా గెలిచి జమియాకు పెద్ద అయినాడు.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చి ఆ దేశం మీద పడింది. బ్యాంకులు మూతపడె, పోలీసులు లేకపాయె, ఆఫీసుల్లో కుర్చీలు కూడా ఎత్తుకపోయిరి. తెరిచి ఉండింది జమియా ఒక్కటే. పనోళ్లు పారిపోతే వాటాదార్లే దిగినారు. తాగే నీళ్లు కూడా తానుగా తెచ్చుకోని మా బాబా పిండి మూటలు మోసె. కాలేజీ చదివిన పిల్లోళ్లు చెత్త ఎత్తిరి, రొట్టె కాల్చిరి. బాబా భార్యను నేను మామా అని, అంటే అమ్మ అని, పిలిచేదాన్ని. ఆమె తక్కిన ఆడోళ్లతో కూర్చోని పప్పు పొట్లాలు కట్టేది. జీతం లేదు, ఎవురి ఆర్డరూ లేదు. మా అంగడి అని చేసినారు, అంతే. నేనైతే నోరెళ్లబెట్టుకోని చూసినా.

నా కష్టం వేరే. మా ఆయన దూరంగా షుఐబా అనే చోట కాంట్రాక్టు పని చేసేవాడు. కాంట్రాక్టరు పరారైతే, మా కడప వాళ్లతో కలిసి నడుచుకుంటా వచ్చి, మా వీధిలోనే కట్టుబడి సగంలో ఆగిపోయిన ఇంట్లో చేరినాడు. నా వంతు రొట్టె బట్టల్లో దాచి ఇచ్చొచ్చేదాన్ని. అంతమందికి అది ఏ మూలకు? మనిషి కండ్లు లోపలికి పోయి, లేచి నిలబడితే తూలతా ఉండె. జమియాలో చూస్తే నంబరు ఉన్నోళ్లకే రొట్టె.

బాబా పెద్ద కదా, ఒక్క మాట చెప్తే అయిపాయె అనుకోని మామా కాడ కూర్చోని ఏడిస్తి. మా ఊర్లో అట్లే, పెద్దాయన తలూపితే పని అయినట్టే. మామా పోయి అడిగింది. బాబా కుదరదన్నాడు. పిండి అడుగంటుతాంది, పేటలో పిల్లోళ్లు పస్తులుంటారు అన్నాడంట. పైగా, అంగడి తన ఒక్కడిది కాదన్నాడంట. నాకు ఒళ్లు మండింది. సాకులు చెప్తాండాడని తిట్టుకుంటి.

మరుసటి దినం మధ్యాహ్నం జమియాలో పనికి దిగిన వాటాదార్లంతా మా ఇంటి దివానియాలో, మగోళ్లు కూర్చునే ముందర గదిలో, కర్టెన్లు దించి కూర్చున్నారు. ఆడోళ్లు వాకిలి ఇవతల. నేను చాయ్ తట్ట పట్టుకోని నిలబడి ఉంటి. నంబరు లేనోళ్ల మాట మామానే ఎత్తింది. చానాసేపు వాదులాడుకునిరి. ఎంతకీ తెగకపోతే బాబానే చేతులు లేపమన్నాడు. వద్దనేటోళ్లు లేపిరి, బాబా కూడా. తర్వాత ఇద్దామనేటోళ్లు లేపిరి. రెండు పక్కలా సరిసమానం. అప్పుడు వాకిలి ఇవతల నుంచి మామా ఇద్దామని చెయ్యి లేపింది. ఆమెకూ సొంతంగా నంబరుంది.

 ఆ ఇంట్లో బాబాకు ఎవురూ ఎదురు చెప్పిందే లేదు. ఆయన మామా దిక్కు చూసినాడు. చూసి, ఆ చెయ్యి కూడా లెక్కలో వేసినాడు. తర్వాత చాయ్ తాగె. ఇంక ఇంట్లో గలాటా అయితాది, నన్ను వెళ్లగొడతారని భయపడితి. ఏమీ కాలేదు.

మరుసటి పొద్దున జమియా ముందర మా ఆయన వాళ్లు గోడకు ఆనుకోని నిలబడిరి. దగ్గరికి వచ్చేదానికి భయం. రొట్టెలిచ్చే కాడ బాబానే ఉన్నాడు. ముందురోజు ఆయనతో పాటు వద్దని చెయ్యి లేపిన ముసలాయన గట్టిగానే అడిగినాడు.

"వీళ్లకు ఇయ్యొద్దని నువ్వే కదా అన్నావు?"

"అన్నా. ఇప్పటికీ నా మాట అదే. కానీ ఓడిపోయినా" అన్నాడు బాబా.

అని, మా ఆయన్ను చేత్తో పిలిచి, వేడి రొట్టెలు చేతిలో పెట్టె. వీధిలో తుపాకులు చెప్పిందే మాటగా నడుస్తా ఉంటే, ఇంట్లో ఎదురులేని మనిషి, భార్య లేపిన ఒక్క చేతికి కట్టుబడి నిలబడినాడు.  రాజులను చూస్తే కూడా నాకు అంత గౌరవం కలగదేమో. మా ఆయన పక్కకు కూడా పోకుండా, బాబా ముందరే నిలబడి తిన్నాడు.