చిన్నబాపు తేల్చిన యాప్

నాన్న తమ్ముడు, మా చిన్నబాపు పోయాడని పోయిన నెల ఒక పొద్దున మందమర్రి నుంచి ఫోన్ వచ్చింది. ఊపిరితిత్తులు చాలాకాలంగా సతాయిస్తున్నాయి కాబట్టి ఊహించని వార్తేం కాదు. ఏడుపొచ్చింది. దాని వెనకే కోపమూ వచ్చింది, దాచుకోను. రెండేళ్లు నా ప్రాణం తిని, ఏ యాప్ మంచిదో తేల్చకుండానే వెళ్లిపోయాడనుకున్నాను.

ఆయన బొగ్గుబాయిలో సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. వచ్చిన సొమ్ములో కొంత పెట్టి నాలుగైదు కంపెనీల షేర్లు కొన్నాడు. పిల్లలు లేరు. తన తర్వాత చిన్నమ్మకు ఆ షేర్లే ఆసరా అనేవాడు. ఏ కంపెనీ ఎలా ఉందో ఫోన్‌లో చూసుకోవడానికి బోలెడు యాప్‌లున్నాయి కదా, అందులో ఒకటి ఎంచిపెట్టమని నన్నడిగాడు. నేను కరీంనగర్‌లో కాలేజీ పిల్లలకు కామర్స్ చెబుతాను. ఐదు నిమిషాల పని అనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

గనిలో సర్దార్ అందరికంటే ముందు లోపలికి పోవాలి. కర్రతో పైకప్పును తట్టి, చప్పుడు విని, గట్టిగా ఉందనుకుంటేనే కార్మికులను రానివ్వాలి. ముందు షిఫ్టువాళ్లు అంతా బాగుందని రాసిపోయినా ఈయన మళ్లీ తట్టేవాడు. "రాసిన కాయితం కప్పును ఆపది బిడ్డా" అనేవాడు. నన్ను డిగ్రీలో చేర్పించడానికి వచ్చినప్పుడు హాస్టల్ గదిలో గొడుగు తిప్పిపట్టి స్లాబంతా తట్టాడు. వార్డెన్ నవ్వింది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం నాలుగు మూలలూ అయ్యాకే నా పెట్టె లోపల పెట్టనిచ్చాడు. నా కోసం అంత చూసినవాళ్లు మళ్లీ ఎవరూ లేరు.

యాప్‌ల మీద కూడా అలాగే పడ్డాడు. తన ఫోనూ చిన్నమ్మ ఫోనూ మంచం మీద పక్కపక్కన పెట్టి, ఒకే కంపెనీని రెండు యాప్‌లలో తెరిచి, తేడా కనబడగానే నాకు ఫోన్ చేసేవాడు.

"ఒకదాంట్ల అప్పు తక్కువున్నది, ఇంకోదాంట్ల ఎక్కువున్నది. ఏది నమ్మాలె?"

"ఒకటి ఒక్క కంపెనీ లెక్క చూపిస్తది చిన్నబాపూ. ఇంకోటి దాని కింద కంపెనీలను గూడ కలిపి చూపిస్తది. రెండూ కరెక్టే."

"మరి గా ముచ్చట పైన్నే రాయొచ్చు గద?"

రాసే ఉంది, ఎక్కడో కింద.

పదేళ్ల లెక్కలు, పోలికలు, గ్రాఫులు అన్నీ ఉన్న యాప్ వెతికి పెట్టాను. వారంలో తీసేశాడు. అక్షరాలు సన్నగా ఉన్నాయట. ఇంకోటి పెట్టాను. మొత్తం ఇంగ్లీషే అన్నాడు. "రోజూ ఇంగ్లీషుల రిపోర్టు రాసినోనివి, నీకు రాదా?" అంటే మాట మార్చాడు. మూడోది ధర పడినప్పుడల్లా గంట కొడుతుంది. "అన్నం తినేటప్పుడు గంటలేంది, పరేషాన్ గాకుండ ఎట్లుంటరు?" అన్నాడు. బొగ్గుబాయి కప్పు కింద ముప్పై ఏళ్లు నిలబడ్డ మనిషికి ఫోన్ గంటంటే భయమా అని విసుక్కున్నాను.

చివరిసారి క్లాసుకు పోతుండగా చేశాడు. "ఏదో ఒకటి ఉంచుకో చిన్నబాపూ, నన్ను సంపకు" అన్నాను. "సరే బిడ్డా, నువ్వు పో" అన్నాడు. ఆ తర్వాత యాప్‌ల మాటెత్తలేదు. పీడ వదిలిందనుకున్నాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

దినాలయ్యాక, షేర్లు చిన్నమ్మ పేరు మీదికి మార్చే పని కోసం ఆమె ఫోన్ తీశాను. నేను పెట్టినవి ఒక్కటీ లేవు. తెలుగులో, పెద్ద అక్షరాలతో, కంపెనీకి నాలుగు ముక్కలు మించి చెప్పని ఒక యాప్ మాత్రం ఉంది. అది దేనికీ పనికిరాదని మొదటి రోజే కొట్టిపారేసింది నేనే.

"దీంట్ల ఏమున్నదని ఉంచిండు చిన్నమ్మా?"

"నాకేం ఎరుక. అన్నీ నాతోటి సదివిచ్చిండు. నేను ఏడ ఆగితె ఆడ్నే తీసేసిండు. గిదొక్కటే ఆఖరిదాక సదివిన."

ఒక్క ముక్క నాకు చెప్పి ఉంటే రెండేళ్ల తగువు ఉండేదా? భార్యకు చదువు తక్కువని నా ముందు అనలేక, వంకలన్నీ తన మీదే వేసుకున్నాడు మహానుభావుడు.

"ఏదీ, సదువు" అన్నాను. చిన్నమ్మ ఫోన్ ఒళ్లో పెట్టుకుని, వేలు పెట్టి చదివింది. మూడో కంపెనీ దగ్గర ఆగింది.

"దీని అప్పు పోయినసారి కంటె ఎక్కువైంది. గిది జర చూడాలె" అంది.

ఆ కంపెనీ షేర్లు నా దగ్గరా ఉన్నాయి. కొన్నాక ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. నేను ఏదో అనేలోపే ఆమె వేలు కింది పేరు మీదికి జరిగింది. గొంతు సవరించుకుని, కూడబలుక్కుంటూ మళ్లీ మొదలుపెట్టింది.