కళ్ళు తెరిస్తే చేరని ప్రార్థన

మా బడిలో బైబిలు పాఠం చెప్పే ఆవిడను పిల్లలు చాటుగా 'ఆమెన్ టీచర్' అంటారు. హెడ్‌మాస్టరు ప్రసంగం సాగదీస్తే మధ్యలోనే ఆమెన్ అని లేచిపోయే రకం. ఆవిడంటే నాకు ఇష్టం, కాస్త చిరాకు కూడా.

ప్రతి బుధవారం చాపెల్, అంటే పిల్లలందరూ కలిసి చేసే ప్రార్థన. దానికంటూ వేరే గది లేదు, మూడు తరగతుల మధ్య చెక్క తలుపులు మడిచేస్తే అదే చాపెల్. ప్రార్థన మొదలవగానే పిల్లలు జడలు లాక్కోవడం, గిచ్చుకోవడం. బెదిరించి బెదిరించి విసిగిపోయి, కళ్ళు తెరిస్తే ప్రార్థన దేవుడి దాకా పోదని చెప్పింది ఆవిడ. అంతే, అందరూ గప్‌చుప్. మేం టీచర్లం హాయిగా ఊపిరి పీల్చుకున్నాం. నేనైతే వెనక బెంచీలో చిన్న కునుకు కూడా తీసేదాన్ని.

నా రెండో తరగతిలో ఒక పాప ఉంది. వాళ్ళమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. వారం వారం ఆ పాప లేచి, అమ్మకు నయం కావాలని ప్రార్థన చేయమనేది. అందరం చేసేవాళ్ళం. అయినా తల్లి పోయింది.

మళ్ళీ బడికొచ్చిన రోజు పాప అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు. ఎంత బతిమాలినా పలకలేదు. చివరికి ఆమెన్ టీచర్ దగ్గరికి తీసుకెళ్తే అప్పుడు నోరు విప్పింది.

"పోయిన బుధవారం నేను కళ్ళు తెరిచాను టీచర్. అందుకే అమ్మ చచ్చిపోయింది."

ఆవిడ ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. పాపను ఒళ్ళోకి లాక్కుని, అదంతా అల్లరి మాన్పించడానికి చెప్పిన మాటేనని, జబ్బు ముదిరిపోయి డాక్టర్ల వల్ల కూడా కాలేదని నచ్చజెప్పింది. మరి ప్రతి వారం ఎందుకు చెప్పారని అడిగింది పాప. ఆవిడ నావైపు చూసింది. నాకు ఏడుపొచ్చింది, పాప కూడా వెక్కి వెక్కి ఏడవసాగింది.

ఇక ఏం చెయ్యాలో తోచక ఆవిడ తనూ ఏడుస్తూనే నిజం చెప్పేసింది.

"చూడమ్మా, మిమ్మల్ని కనిపెట్టుకుని ఉండాలి కదా. నేనెప్పుడూ కళ్ళు తెరిచే ఉంటాను. మీ అమ్మ కోసం చేసినప్పుడు కూడా."

పాప ఏడుపు ఆగింది. గండం గడిచిందనుకున్నాను. పాప తలుపు వైపు ఒకసారి చూసి, ఆవిడ చెంపలు తన చేత్తోనే తుడిచి, గొంతు తగ్గించి అంది:

"మీరు కూడానా టీచర్? ఏడవకండి. నాన్నకు చెప్పనులెండి."