పన్నెండో సూది

భుజాన పొడవాటి గొట్టంతో, తాడు కట్టిన గీత వెంట, అడుగులో అడుగేసుకుంటూ పొలాల్లో తిరిగే ఆయన్ని అందరూ నడకాయన అంటారు. ఒకప్పుడు కాలి చల్లారిన మట్టి, ఆ నాటి ఉత్తర దిక్కును తనలో దాచుకుంటుందట. ఆ గొట్టం దాన్ని పసిగడుతుంది. తవ్వకుండానే పాత పొయ్యిలు పటంలో మచ్చలై తేలతాయి. పొగమంచులో నడుస్తుంటే, కింద ఎవరో ఇప్పుడే వంట ముగించి నడుం వాల్చినట్టు ఉంటుంది ఆయనకు. చప్పుడు కాకుండా అడుగేస్తాడు, పిచ్చిమారాజు.

ఒంటి మీద పిసరంత ఇనుము ఉన్నా పటం పాడైపోతుంది. అందుకే ముప్పై ఏళ్ళుగా ఆయన ప్యాంట్ల జిప్పులు పీకేసి నాడాలు కుట్టేది భార్యే. కుట్టడం అయ్యాక పన్నెండు సూదులూ లెక్కపెట్టి మెత్తలో గుచ్చందే లేవదు.

ఈసారి పటమంతా చారలు పడ్డాయి.

"రేపూ ఇలాగే వస్తే ఈ స్థలం వదిలేద్దాం బాబాయ్. సోమవారం కొత్త భవనానికి పునాదులు తవ్వేస్తారు. మీరూ ఇక విశ్రాంతి తీసుకోండి," అంది పురావస్తు శాఖ ఆఫీసరమ్మ.

విశ్రాంతి అన్న మాటకే ఆయనకు ఒళ్ళు మండింది. అందరూ వెళ్ళాక, పోయిన వారం భార్య చేత కుట్టించుకున్న చొక్కా విప్పి గొట్టం దగ్గర ఆడించాడు. దాని తెర మీద అంకెలు ఎగిరిపడ్డాయి. అంచు మడతలో సూది ఉంది, నీలం దారంతో సహా.

ఈ మధ్య భార్య కిటికీ దగ్గర నిలబడి, నాలుగైదుసార్లకు గానీ దారం ఎక్కించలేకపోతోంది. దారం మంచిది కాదని తిడుతోంది. ఆయన సూదిని మెల్లగా బయటికి లాగి దాచాడు.

మర్నాడు పటంలో మూడు గుండ్రటి మచ్చలు వరసగా తేలాయి. పునాదులు ఆగాయి.

"మరి నిన్నేమైంది బాబాయ్?"

"కాళ్ళు తడబడ్డాయమ్మా," అని నేరం కాళ్ళ మీదకు నెట్టేశాడు. పాపం, అవి ఒక్క అడుగూ తప్పలేదు.

సాయంత్రం భార్య వంటింట్లో ఉండగా సూదిని మెత్తలో గుచ్చేసి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు. ఆమె వచ్చి వేళ్ళతో తడిమి లెక్కపెట్టింది. ఆగింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"వారం నుంచి పదకొండే," అంది మెల్లగా. "చెప్తే ఇక కుట్టొద్దంటారని చెప్పలేదు." ఆ వెంటనే అడిగింది, "పొయ్యిలు కనిపించాయా?"

"మూడు."

ఆయన పన్నెండో సూది తీసుకుని, దారం ఎక్కించి, ఆమె చేతికిచ్చాడు.