ఊట గోడ

మేస్త్రి తాపీ పట్టినప్పటి నుంచీ కట్టిన ఇళ్ళన్నీ చదునైన నేల మీదే. ఊళ్ళో ఏ సందు తిరిగినా అతని చేతి గోడ ఒకటైనా ఎదురవుతుంది. తను మాత్రం పెళ్ళయిన నాటి నుంచీ అద్దె గదుల్లోనే కాపరం వెళ్ళదీశాడు. ఆఖరి గదికి ఉన్నది ఒకటే కిటికీ. రెక్క తెరిస్తే పక్కింటి గోడ, చెయ్యి చాపితే అందేంత దగ్గర. ఆ గోడా అతను కట్టిందే.

"నా మొహానికి గాలి తగలకుండా నువ్వే కట్టావయ్యా," అని భార్య కూరగాయలు తరుగుతూ దెప్పేది. "కూలి కూడా పుచ్చుకుని మరీ."

అతను లేచి కిటికీ రెక్క మూసేవాడు.

మోకాళ్ళు మొరాయించి పరంజా ఎక్కడం మానేశాక అతనికి సొంతింటి పిచ్చి పట్టుకుంది. ఊళ్ళో జాగా తమలాంటి వాళ్ళకి అందేది కాదు. కొండ మీద, బండి దారి ఆగిపోయిన చోటు నుంచి ఇంకా చాలా దూరం నడిస్తే, ఎవరూ కన్నెత్తి చూడని వాలు నేల ఒకటి దొరికింది. మనిషి గొంతు వినపడని చోటికి రానంటే రానంది భార్య. అతను చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. చివరికి ఆవిడ ఒక షరతు మీద దిగొచ్చింది.

"ఒక్క వానాకాలం ఉండి చూస్తాను. ఆ తర్వాత నేను వద్దన్నానంటే కిందికి దిగిపోవాలి. నువ్వు మళ్ళీ నోరెత్తకూడదు."

"ఎత్తను."

"నా తమ్ముడి ముందు చెప్పు ఆ మాట."

బావమరిది ముందు కూడా చెప్పాడు మేస్త్రి. బావమరిది సరుకుల వ్యాను నడుపుతాడు. అతని నోరు వ్యాను కంటే వేగంగా నడుస్తుంది.

"బావా, అక్క బట్టల మూట మాత్రం విప్పనివ్వకు. మళ్ళీ కట్టే శ్రమ తప్పుతుంది," అన్నాడు.

రాయి అక్కడే దొరికింది. సిమెంటు, రేకులు, తలుపులు వ్యానులో దారి చివరిదాకా వచ్చి, అక్కణ్ణుంచి గాడిదల మీద కొండెక్కాయి. మొగుడూ పెళ్ళాం టార్పాలిన్ పట్టా కింద పడుకుంటూ ఎండాకాలమంతా కట్టారు. రాళ్ళు అందించేది ఆవిడే. నచ్చని రాయి చేతికొస్తే అతను మాట్లాడకుండా పక్కన పెట్టేవాడు. కాసేపటికి ఆవిడ దాన్నే మళ్ళీ అందించేది. కొన్ని రాళ్ళు అలా మొండికేసి గోడలోకి ఎక్కాయి.

ఒక గది, దాన్ని ఆనుకుని వంటిల్లు, రెండింటికీ వెనక ఒకటే పొడుగాటి గోడ. వాలును తొలిచి చదును చేశాక, ఆ తొలిచిన కొండకే ఆనించి గోడ లేపాడు మేస్త్రి. ఊళ్ళో ఇంటికీ ఇంటికీ మధ్య జానెడు వదిలితే ఏ యజమానీ ఊరుకోడు. చేతులకు తెలిసిన పద్ధతి అదే. ఇక్కడ వెనక సందు వదలాలన్న ఊహే అతనికి రాలేదు. గుండుదారం వేలాడదీసి చూస్తే గోడ వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబడింది. ఆ రోజు అతను రెండు కప్పుల టీ తాగాడు.

వానలు పట్టుకున్న కొద్ది రోజులకే వంటింట్లో గోడ అడుగున అరచేతంత చెమ్మ కనిపించింది. భార్య బయటికి వెళ్ళడం చూసి మేస్త్రి సిమెంటు పూసి నున్నగా రుద్దేశాడు. చెమ్మ పక్కకు జరిగింది. అక్కడా పూశాడు. ఇంకో చోట తేలింది. సిమెంటు అడుగంటాక వేరే ఉపాయం తోచింది. బియ్యం డబ్బా జరిపి అడ్డం పెట్టాడు. తర్వాత ట్రంకు పెట్టె పెట్టాడు. ఆ తర్వాత మంచం తెచ్చి గోడకు నిలబెట్టాడు.

"మంచం ఎందుకు నిలబెట్టావ్?" అంది భార్య.

"అక్కడ అడ్డంగా ఉందని."

"మరి పడుకునేదెక్కడ?"

మేస్త్రి చాప దులిపి గది మధ్యలో పరిచాడు.

మర్నాడు అతను బల్ల కూడా జరుపుదామని చెయ్యి వేసేసరికి ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇంట్లో సామానంతా అయిపోయింది. ఇక జరపడానికి మిగిలింది నేనొక్కదాన్నే. చెప్పు, ఎక్కడ నిలబడను?"

తల కొట్టేసినట్టయింది అతనికి. ఆవిడ సామాను ఒక్కొక్కటే ఇవతలికి లాగింది. గోడ పొడవునా నల్లగా పాకింది చెమ్మ. రాళ్ళ అతుకుల్లోంచి నీళ్ళు సన్నగా కారుతున్నాయి.

"నీకెప్పటి నుంచి తెలుసు?" అన్నాడు మేస్త్రి.

"మొదటి పూత నుంచీ. నా వంటింట్లో గోడ కొత్తగా నున్నబడితే నాకు కనపడదా? నువ్వే చెప్తావని చూశాను."

ఆ మధ్యాహ్నం వాన తెరిపిస్తే, బావమరిది నెత్తిన సరుకుల బస్తాతో వచ్చాడు. గోడ చూసి ముక్కు మీద వేలేసుకున్నాడు.

"ఓరి బావా! లోకమంతటికీ ఇళ్ళు కట్టి, మా అక్కకి చేపల తొట్టి కట్టావా?"

మేస్త్రి మొహంలో నెత్తురుచుక్క లేదు. అది చూసి బావమరిది గొంతు తగ్గించాడు. "ఇంకేం చూస్తావక్కా? వ్యాను కింద ఉంది. పద."

ఆవిడ గోడ దగ్గర గొంతుక్కూర్చుని కారే నీటికి దోసిలి పట్టింది. నోరెత్తనని మాటిచ్చిన మనిషి నోరెత్తకుండా నిలబడ్డాడు. ఆ గోడ ఎంత గట్టిగా కట్టాడో అతనికి తెలుసు. ఎంత గట్టిదైతే అంత నీరు వెనక నిలుస్తుందనీ, ఎప్పుడో ఒకప్పుడు గోడని తోసేస్తుందనీ కూడా ఇప్పుడే తెలుస్తోంది.

"ఈ నీళ్ళు ఎటు పోదామని చూస్తున్నాయి?" అంది ఆవిడ.

"ఎటేముంది, కిందికే."

"అడ్డం ఎవరున్నారు?"

"మనమే."

"అయితే దారి ఇయ్యి."

"గోడ పగలగొట్టమంటావా?"

"నువ్వు కట్టిందేగా. ఎక్కడ కొడితే పడిపోదో నీకు కాక ఎవరికి తెలుస్తుంది?"

మేస్త్రి ఉలీ సుత్తీ తెచ్చుకున్నాడు. నేల మట్టాన, ఒక పొడుగు రాయి కింద, బరువు పడని చోటు చూసుకుని మొదలుపెట్టాడు. ఇంకొకళ్ళ గోడ కూల్చడం వేరు. ఇది తన గోడ, మొదటి దెబ్బకి చెయ్యి రాలేదు. రెండు రాళ్ళు ఊడి వచ్చేసరికి బురదనీరు బుసకొట్టి అతని మొహాన చిమ్మింది. బావమరిది పకపకా నవ్వి, ఆ నవ్వు ఆగకముందే గునపం పట్టుకుని వంటింటి నేలలో కాలవ తవ్వడం మొదలుపెట్టాడు. అక్కగారు తట్టతో మట్టి ఎత్తి బయట పోసింది. ముందుగోడ కింద తూము తెరిచారు. నీళ్ళు వెనక గోడ కన్నంలోంచి వచ్చి, వంటిల్లు దాటి, వాలు పట్టుకుని దిగిపోయాయి. చాలాసేపు ఎర్రగా పారాయి. తర్వాత తేటపడి అడుగు కనిపించింది.

ముగ్గురూ కాలవకి అటూ ఇటూ కూర్చుని అందులోనే కాళ్ళు కడుక్కున్నారు.

పొద్దువాలుతుంటే బావమరిది చెప్పులేసుకున్నాడు. "ఇంతకీ వస్తున్నావా లేదా, అక్కా?"

మేస్త్రి తలెత్తలేదు. ఉలికి అంటిన మట్టి గోకుతున్నాడు.

ఆవిడ పొయ్యి గట్టు మీద చరిచింది. "ఇది చూడరా. ఆయన నడుముకి సరిపెట్టి కట్టుకున్నాడు. వండేది నేను. భుజాలు పడిపోతున్నాయి. దీన్ని దించాలి, కాలవ పక్కకి తేవాలి. పని ఇలా ఉంచుకుని ఎట్లా వస్తాను?"

"అంటే ఇక్కడే ఉంటావా?"

"వానలు ఇంకా అయిపోయాయా ఏంటి?"

"అర్థమైంది బావా," అన్నాడు బావమరిది గడప దాటుతూ. "వానాకాలానికో గట్టు దించిస్తుంది. నీ తాపీకి ఇక తుప్పు పట్టదు."

మేస్త్రి పొయ్యిలోంచి బొగ్గుముక్క తీసుకుని లేచాడు.

"ఎంత దించమంటావ్?"

ఆవిడ నిటారుగా నిలబడి, మోచేతులు మడిచి, వండుతున్నట్టు చేతులు ముందుకు పెట్టింది. "ఇంత."

అతను వంగి, ఆ చేతుల కిందుగా, తడి గోడ మీద గీత గీశాడు.