పులిసిన అంబలి వైద్యం

పైడయ్య కంటపడితే ఎంతటి వస్తాదైనా రోగే. నాలుక చాపమంటాడు, పెదవి విరుస్తాడు, “పేగులు వాసిపోనాయి” అంటాడు. ఆపైన చోడి అంబలి, అంటే పులిసిన రాగిజావ, దొప్పెడు తాగించందే వదలడు.

అరకు కొండల్లో రోడ్డు వేసే కాంపులో మందులిచ్చే మనిషి అతను. మందుల పెట్టెలో మిగిలింది ఒక ఖాళీ సీసా. అసలు వైద్యమంతా గుడిసె మూలనున్న కుండలో ఉంది. నిన్నటి పులుపు అడుగున కొంచెం ఉంచి, చల్లారిన చోడిజావ దానిమీద పోసేవాడు. ఆ కుండ కడిగితే చెయ్యి విరిచేస్తానని అందరినీ బెదిరించేవాడు.

గుమస్తా గణపతిరావుకు రాతిపొడి పడక ఆయాసం.

“నా జబ్బు రొమ్ములో ఉంటే కడుపుకు మందేమిటయ్యా?”

“కడుపూ రొమ్మూ ఒకింట్లో రెండు గదులు బాబూ. ఈ గదిలో మంట లేత్తే ఆ గదిలోకి పొగ రాదేటి?”

గణపతిరావు ముక్కు మూసుకుని తాగాడు. పొగ తగ్గిందో లేదో గాని, పులుపు మరిగాడు.

రోగుల కోసం ఇచ్చిన చోళ్లు బేగి తరిగిపోతున్నాయని కాంట్రాక్టరు ధనరాజు ఒక మధ్యాహ్నం వచ్చిపడ్డాడు. రాళ్లు కొట్టే కూలీలంతా దొప్పలతో బారులు తీరి ఉన్నారు.

“మధ్యాహ్నం తిండి పెట్టొద్దన్నానా లేదా?”

“తిండేటి బాబూ! మందు. అందరికీ పేగులవాపు, దగ్గు.”

ఆ మాటకు బారు బారంతా దగ్గింది. వాళ్లలో మంగ్లు అనేవాడు మరీ ఉత్సాహపడి నిజంగానే పొలమారాడు.

గణపతిరావుకు అప్పుడు అర్థమైంది. ఈ మనుషులు తెల్లవారకముందే కొండ దిగి, పొద్దుపోయాక ఎక్కుతారు. మధ్యలో తినడానికేమీ లేదు. ఆ కాంపులో ఆకలికి అనుమతి లేదు, జబ్బుకు ఉంది.

“రోగులైతే పనిలోంచి తీసేస్తాను. ఏమయ్యా గుమస్తా, వీళ్లు రోగులా, కాదా?”

అవునంటే పని పోతుంది. కాదంటే అంబలి పోతుంది. గణపతిరావు గొంతు సవరించుకున్నాడు.

“తాగకముందు రోగులండి. తాగాక మీ రోడ్డు వేస్తారు. మొన్న పైడయ్య జ్వరంతో పడుకుని మందు పొయ్యలేదు. మధ్యాహ్నం నుంచి కంకర పోగు ఇంచీ పెరగలేదండి.”

ధనరాజు జాలికి కదిలే మనిషి కాదు. కంకరకు కదిలాడు. “సరే, నాలుక చూడందే ఎవడికీ పొయ్యకు” అని, కుర్చీ తెప్పించుకుని ఎదురుగా కూర్చున్నాడు.

నాలుకలు ఒకటొకటే బయటికొచ్చాయి. మంగ్లు తాగి, మూతి తుడుచుకుని, మళ్లీ బారు చివర చేరాడు.

“ఏటిరా, ఇప్పుడే కదా తాగినావు?” అన్నాడు పైడయ్య.

“అది పేగులకి బావూ. దగ్గుకి ఇంకా తాగనేదు.”

పైడయ్య కాంట్రాక్టరుకు కనబడేలా మంగ్లు గడ్డం పట్టుకుని, ఆ నాలుకను శ్రద్ధగా పరీక్షించాడు.

“నిజివే. ఇది వేరే జబ్బు,” అని దొప్ప నిండా పోశాడు.