రేకులో మిగిలిన ముక్క

ఎమ్మెస్సీలో ఆప్టిమైజేషన్ చదివే రోజుల్లో ఒకసారి చెన్నైలో అంబత్తూరు వైపు వెళ్లే లోకల్ రైల్లో లెక్క చేస్తూ కూర్చున్నాను. ఒక ఇనుప రేకులోంచి వీలైనన్ని ఎక్కువ ముక్కలు కోయాలి, వృథా వీలైనంత తగ్గాలి. అంతకుముందు ఫోన్లో నా తెలుగు విన్నాడేమో, ఆయిల్ మరకల చొక్కాతో పక్కన కూర్చున్నాయన నోట్‌బుక్‌లో నేను గీసిన రేకు బొమ్మ మీద వేలు పెట్టాడు.

"ఈడ నాలుగు పక్కలా సన్న పీలికలు మిగిల్చినావే తమ్ముడూ. అవన్నీ స్క్రాపే. ఒక ముక్క తగ్గినా పర్వాలేదు, మిగిలేది ఒకటిగా ఉండాల. రేపు ఇంకో పనికి వస్తాది."

"మా లెక్కలో రేపటి సంగతి లేదండీ" అని నోట్‌బుక్ మూసేశాను.

"సరి, సరి" అని నవ్వి, అంబత్తూరులో దిగిపోయాడు.

మరుసటి ఏడాది వైవాలో, మిగిలిన ముక్కకు కూడా విలువ ఇచ్చిన నా ప్రాజెక్టును ఎగ్జామినర్ మెచ్చుకున్నారు. ఈ ఆలోచన ఎవరిదని అడిగారు. నాదేనన్నాను.

ఆయన పేరు తెలియదు కదా అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. రైల్లో ఒకాయన చెప్పాడనడానికి పేరెందుకు?