లెన్సు మీద ఆకురాయి

మా ఇంటి ఆస్తిలో ముక్కలు కాకుండా మిగిలింది ఒక్క లెన్సు.

పోచంపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో మా తాత మాటకు ఎదురుండేది కాదు. ఆయన దగ్గర నూలు తీసుకుని నేసే మగ్గాలు ఒక్కో ఊళ్ళో ఒక్కో వీధి నిండా ఉండేవి. కొత్త డిజైను చీర మగ్గం దిగగానే దాన్ని గోడకు పరిచి, అంచు నుంచి అంచు దాకా ఫోటో తీసేవారు. ఆ పనికోసం తెప్పించుకున్న లెన్సు అది. అంతా లోహమూ గాజూ. అరచేతిలో పెడితే గుండ్రాయిలా బరువుగా ఉంటుంది.

ఆయన పోయిన ఏడాదికే పంపకాల దగ్గర నాన్నా చిన్నాయనా కొట్టుకున్నారు. నాకప్పుడు పదేళ్ళు. చిన్నాయన వంటింట్లోంచి కత్తి తెచ్చి, మగ్గం మీదున్న పడుగు దారాలను అడ్డంగా కోసేశాడు. పడుగు తెగితే పెద్ద చప్పుడేమీ రాదు. వేల దారాలు ఒక్కసారిగా ముడుచుకుని వెనక్కి పోతాయంతే. నేతింట్లో పడుగు మీద కత్తి పెట్టడం పసిబిడ్డ మీద పెట్టడం లాంటిదే. నాన్న చేతికందిన మగ్గం కర్రతో చిన్నాయన మోచేయి విరగ్గొట్టాడు. ఎముక తెల్లగా బయటికి రావడం నేను చూశాను. ఆ తర్వాత మగ్గాలు పోయాయి, ఇల్లు పోయింది, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే ఇద్దరూ పోయారు. నాన్న బీరువాలో లెన్సు మాత్రం గుడ్డలో చుట్టి ఉంది, ఒక్క గీత లేకుండా.

ఇప్పుడు నేను ఎల్బీ నగర్‌లో కిరాయి ఇంట్లో ఉంటున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో వేరేవాళ్ళ దుకాణంలో చీరలు పరిచి చూపిస్తాను. ఇది చెప్పడానికి నేను తల దించుకోను. ఆ లెన్సుతో మళ్ళీ ఒక్క బొమ్మైనా తీయాలని మాత్రం నిశ్చయించుకున్నాను. దాన్ని ఉన్నది ఉన్నట్టుగా వాడాలి, ముక్క కూడా పోకూడదు.

మా కింది వాటాలో పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసే ఆయన ఉన్నాడు, గోదావరి వైపు మనిషి. లెన్సును వెలుతురులో తిప్పి చూశాడు.

"ఇంకా గాజు ఎంత శుభ్రంగా ఉందండీ బాబూ! అదే కంపెనీ డిజిటల్ కెమెరా కొనుక్కోండి, బిగింపు కలుస్తుంది. కాకపోతే లోపల బొమ్మ పట్టే సెన్సరు చిన్నగా ఉన్నది కొన్నారనుకోండి, ఈ లెన్సు చూసేదాంట్లో నడిమధ్య ముక్కే వస్తుంది. అంచులన్నీ పోతాయి. మొత్తం కావాలంటే పెద్ద సెన్సరుదే తీసుకోవాలండీ."

అంచు లేని చీర నాకెందుకు? పెద్దదే కొంటానని అప్పుడే అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం షాపులో భోజనం వేళ, దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో వాడిన కెమెరాలు అమ్మే దుకాణానికి వెళ్ళాను. యజమాని నా వయసువాడే. గోడ మీద శిలువ బొమ్మ ఉన్న క్యాలెండరు, బల్ల అంచుకు బిగించిన పట్టకారు, దాని పక్కన పనిముట్లు. అతను రెండు కెమెరాలు తీసి గాజు బల్ల మీద పెట్టాడు. ఒకటి చిన్నది, ప్లాస్టిక్‌ది. ఇంకోటి పెద్దది, నల్లగా, బరువుగా ఉంది.

"మస్తు ముసలి లెన్స్ సార్ గిది," అన్నాడు వెనక్కి తిప్పి చూస్తూ. "గీ చిన్నదానికి ఆరాంగ ఎక్కుతది. ఎంత ఎలుతురు పెట్టాలెనో అది చెప్పది, మీరే అందాజ మీద పెట్టుకోవాలె. గంతే."

"అది నేర్చుకునేటోళ్ళ కెమెరా. పెద్దది ఇయ్యి."

"పెద్దదానికి ఎక్కదు సార్. గీడ సూడున్రి." పెద్ద కెమెరా నోటి అంచున పిల్లగోరంత నాలుక ఒకటి పొడుచుకుని ఉంది. "లెన్స్ ఎనక రింగు గీ నాలుకకు తగుల్తది. ఎక్కాలంటే రింగును ఆకురాయితోని జర గీకాలె. పది నిమిషాల పని."

"గీకుతవా?"

"దాని పానమేం పోదు సార్. మస్తుమందికి గీకిచ్చిన."

"మా తాత లెన్సు మీద ఆకురాయి పెట్టనియ్య."

"అట్లయితే చిన్నది తీస్కోన్రి. లెన్సుకు పెద్దా చిన్నా తెల్వది సార్, మనకే తెలుస్తది."

ఆ మాట నాకు గుచ్చుకుంది. పెద్ద కెమెరా అందుకున్నాను. "ఆగున్రి సార్, ఇరుగుతది," అని అతను అంటూనే ఉన్నాడు. లెన్సును నోటికి ఆనించి తిప్పాను. సగంలో ఆగింది. మా ఇంటి వస్తువు ఇంత చిన్న నాలుకకు ఆగడమేమిటని పళ్ళు బిగించి, మణికట్టు బలమంతా పెట్టి మళ్ళీ తిప్పాను. ఫట్‌మంది. నాలుక విరిగి, తెగిన గోరులా గాజు బల్ల మీద పడింది.

అతను బల్ల ఇవతలికి వచ్చి నా కాలర్ పట్టుకున్నాడు.

"చెప్తనే ఉన్న గద! చెవులు లేవా? పానం లెక్క చూసుకున్న బాడీ అది!"

"చెయ్యి తియ్యి. నేనెవరో తెలుసా? మా తాత..."

"ఏ తాత? తాతలు నేతులు తాగిన్రు, మా మూతులు వాసన చూడున్రి అన్నట్టుంది నీ కథ!"

నేను కొట్టాను. చెంప మీద కాదు, నోటి మీద, పిడికిలితో. అతను వెనక్కి పడ్డాడు. వీపు తగిలి షోకేసు అద్దం పగిలి మీద రాలింది. లోపలి కెమెరాలు రెండు దొర్లి కిందపడ్డాయి. సందులో పోయేవాళ్ళు నలుగురు ఆగారు. లోపలికి మాత్రం ఎవరూ రాలేదు.

అతను లేచేసరికి కింది పెదవి నిలువునా చీలి ఉంది. గడ్డం మీదుగా చొక్కా మీదికి నెత్తురు కారుతోంది. తుడుచుకోలేదు. బల్ల మీది పెద్ద కెమెరా నుంచి లెన్సు ఊడబీకి, పట్టకారులో బిగించి, ఆకురాయి తీశాడు.

"నాది ఇరగ్గొట్టినవ్. నీది గీకుతా. సూడు, మంచిగ సూడు."

ఆకురాయి ఒక్కసారి రింగు మీద నడిచింది. ఆ చప్పుడు నా పళ్ళలోకి దిగింది. నేను అతని మీద పడ్డాను. మణికట్టు పట్టుకోబోతే నా అరచేయి పగిలిన షోకేసు అంచు మీద ఆనింది. గాజు లోపలికి దిగింది. ఇద్దరం ఆ బల్ల మీదే పెనుగులాడాం. అతను మోచేత్తో నా పక్కటెముకల్లో పొడిచాడు. నాకు ఊపిరాగింది. ఆకురాయి మళ్ళీ రింగు మీదికి వెళ్తోంది, నా చేతిలో పట్టు లేదు, నెత్తుటికి జారిపోతోంది.

"వద్దు, అన్నా," అన్నాను.

పుట్టి బుద్ధెరిగాక బయటివాణ్ణి అట్లా బతిమాలింది లేదు. అతను నా ముఖంలోకి చూశాడు. ఆకురాయి కింద పెట్టాడు. రింగు మీద వేలిగోరంత గీత తెల్లగా మెరుస్తోంది. అంతకంటే పోయిందేమీ లేదు. పట్టకారు వదులు చేసి లెన్సును తీసి, చిన్న కెమెరాకు బిగించాడు. మెత్తగా తిరిగి కూర్చుంది. బ్యాటరీ, కార్డు వేసి నా చేతికిచ్చాడు.

"తియ్యి ఫోటో."

"దేన్ని?"

"నా మూతిని. కేసు పెట్టాలంటే సాక్ష్యం కావాలె గద. నీ తాత లెన్స్ పనిచేస్తదో లేదో గూడ తెలుస్తది."

గాజు దిగిన ఎడమ చేతికి జేబురుమాలు చుట్టుకుని కెమెరా పట్టుకున్నాను. కన్ను ఆనించి చూసే కిటికీ ఇరుకు. మొదటిది చీకటిగా వచ్చింది. వెలుతురు పెంచాను, రెండోది తెల్లగా పాలిపోయింది. మూడోసారి అతను ఒక అడుగు దగ్గరికి వచ్చి, పెదవిని వేలితో కిందికి లాగి పట్టుకున్నాడు.

ఆ లెన్సుకు ఫోకస్ చేత్తోనే తిప్పాలి. వెంట్రుకవాసి అటు జరిపితే చాలు, నెత్తురు ఎర్రటి మసక అయిపోతుంది. అది నా చేతి తప్పో, పాత లెన్సు తప్పో అతనికి తెలిసే దారి లేదు. వేలు ఆ అంచు దాకా పోయింది కూడా. కానీ మసక బొమ్మ తీస్తే ఆ నింద లెన్సు మీదికి పోతుంది. అది నేను ఓర్చుకోలేకపోయాను. వెనక్కి తిప్పి, చీలిక రెండు అంచులూ విడివిడిగా కనిపించేదాకా సరిచేసి, నొక్కాను.

అతను తెర మీద పెద్దది చేసి చాలాసేపు చూశాడు. "పంటి మీద నెత్తురు గూడ కనవడ్తుంది," అని కార్డు తీసి జేబులో వేసుకున్నాడు. విరిగినవాటికీ చిన్న కెమెరాకూ అడిగినంత ఇచ్చి, నా పేరూ ఇంటి నంబరూ కాగితం మీద రాసిచ్చి వచ్చేశాను. ఆకురాయి గీసిన చోట లోహపు పొడి ఉంటే ఇంట్లో దూదితో తుడిచాను. గొడవ సంగతి తెలిసి చీరల షాపువాళ్ళు మర్నాటి నుంచి రావద్దన్నారు.

రెండు రోజులకు స్టేషన్ నుంచి పిలుపొచ్చింది. అతను బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, పెదవికి కుట్లు. ఇన్‌స్పెక్టరు ముందు ఫోటో పెద్ద కాగితం మీద ప్రింటు వేసి ఉంది.

"గింత సాఫ్ ఫోటో మా దగ్గరికి ఎప్పుడూ రాలే. ఎవరు తీసిన్రు?"

అతను నా వైపు చూశాడు. ఫోనుతో ఎవరో తీశారంటే సరిపోయేది.

"నేనే తీసిన," అన్నాను.

"కొట్టింది నువ్వే, తీసింది నువ్వేనా? దేంతోని?"

సంచిలోంచి కెమెరా తీసి బల్ల మీద పెట్టాను. ఇన్‌స్పెక్టరు అటూ ఇటూ తిప్పి చూశాడు. "కేసు తేలేదాకా గిది ఈడ్నే ఉంటది," అని కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. కానిస్టేబుల్ లెన్సు ఊడదీసి, మూతైనా పెట్టకుండా, వేరే కేసుల్లో పట్టుకొచ్చిన తాళంచెవులూ కత్తులూ ఉన్న గోనెసంచిలోకి వదలబోయాడు.

"ఏయ్, అట్ల ఎయ్యకు!" బెంచీ మీదివాడు ఎగిరి లేచాడు. "ఎనక గాజుంటది! గుడ్డల చుట్టు ముందుగాల, గుడ్డల చుట్టు!"

అరిచిన అరుపుకు అతని పెదవి కుట్టు తెగింది. నెత్తురు మళ్ళీ గడ్డం మీదికి కారింది.